ప్రతి కథ చివరా టీ

కాజాలక్కకు కోపం ఎక్కువని అందరూ అనేవారు. నిజమే గాని, ఆ కోపంలో సగానికి సగం కథల్లో మనుషుల మీదే ఖర్చయిపోయేదని ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళకే తెలుసు. ఏ కథలోనో ఒక మొగుడు పెళ్ళాం వండింది తిని, బాగుందని ఒక్క మాట అనకుండా చెయ్యి కడుక్కుని లేచిపోతే, ఆ పూట ఆమె బట్టలో సూది గుచ్చే తీరే వేరుగా ఉండేది.

"మాట్లాడితే వీడి నోట్లో ముత్యాలు రాలిపోతాయనా?" అనేది. ఇంటికి వెళ్ళే దారిలో కూడా వాణ్ణి వదిలేది కాదు.

కాజాలక్క అన్నది పనిని బట్టి వచ్చిన పేరు. బడిపిల్లలకూ ఆసుపత్రి నర్సులకూ యూనిఫారాలు కుట్టే చోట, గుండీ దూరే కంతల చుట్టూ చేత్తో దారం అల్లడం, అంటే కాజాలు కుట్టడం, ఆమె పని. మిషన్లన్నీ కింది అంతస్తులో ఉండేవి. అక్కడ పక్క మనిషి అరిచినా వినపడదు. పై గదిలో అంతా చేతిపని. కాజాలు, గుండీలు, అంచులు, దారాలు తుంచడం, ఇస్త్రీ, మడత. ఒక పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఆడవాళ్ళు, మూలన ఇస్త్రీబల్ల దగ్గర ఒక ముసలాయన. చేతులకు పని, నోటికి ఖాళీ. అలాంటి చోట ఎవరి వంట ఎలా కుదిరిందో, ఎవరి ఆడపడుచు ఏమన్నదో ఎన్నాళ్ళని చెప్పుకుంటారు? అవి అయిపోయాక పుస్తకం వచ్చింది.

తెచ్చింది కాజాలక్కే. చిన్నప్పుడు ఊళ్ళో బడికి అయిదో తరగతి దాకా వెళ్ళింది. అక్కడ పంతులమ్మ నేర్పిన చదువు ఆమెలో ఇంకిపోయింది గాని ఆవిరి కాలేదు. భర్త పోయి, కొడుకు చేతికి అందిరాక పనిలో చేరిన కొత్తల్లో, వీధి చివర గ్రంథాలయంలో ఉండే ఆవిడతో "అమ్మా, మాకు తినే వేళ తర్వాత కాస్త సమయం దొరుకుతుంది. ఆ కాసేపట్లో అయిపోయేది ఏదైనా ఉంటే ఇవ్వండి" అని అడిగింది. ఆ మహాతల్లి ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఒక కథల పుస్తకం చేతిలో పెట్టింది. ఆ చిన్న ఉపకారం వల్ల ఒక గది నిండా మనుషులు ఎన్నేళ్ళు బతికారో ఆవిడకు తెలిసి ఉండదు.

మధ్యలో ఒకసారి నవల కూడా పెట్టి చూశారు. ఒకామెకు జ్వరం వచ్చి మానేసింది. ఆమె వచ్చేసరికి కథానాయకుడికి పెళ్ళయిపోయింది. "ఎవరితో? ఎప్పుడు? నాకు చెప్పకుండా ఎలా చేశారు?" అని ఆమె గొడవ. జరిగింది చెప్పేసరికి ఇంకొకామె మానేసింది. చివరికి ఆ పుస్తకాన్ని సగంలోనే వెనక్కి ఇచ్చేశారు.

"నవలలో మనిషి చుట్టం లాంటివాడు, వచ్చి కూర్చుంటే ఓ పట్టాన వెళ్ళడు" అనేది కాజాలక్క. "కథలో మనిషి బస్సులో పక్కన కూర్చున్నవాడు. కాసేపు ఏదో చెప్తాడు, తన ఊరొస్తే దిగిపోతాడు. మనం మాత్రం ఇంటికెళ్ళేదాకా వాడి గురించే అనుకుంటాం."

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. చదివేవాళ్ళ చేతులు పుస్తకం మీద ఉంటాయి కాబట్టి వాళ్ళ పని ఆగిపోతుంది. అందుకని తక్కినవాళ్ళు తలా ఒక చొక్కా వాళ్ళ కుప్పలోంచి లాక్కుని తమ వాటితో పాటు కుట్టేవారు. ఎవరూ అడిగేది లేదు, చెప్పేది లేదు. చెయ్యి చాపి తీసుకోవడమే. ఇస్త్రీ తాత కూడా పెట్టె పక్కన పెట్టి వచ్చి ఒకటి రెండు దారాలు తుంచి పోయేవాడు. అందరినీ అజమాయిషీ చేసే కత్తెర మేస్త్రి మెట్ల మీద నిలబడి వినేవాడు, విననట్టు మొహం పెట్టేవాడు.

కథ అయిపోయాక పోట్లాట మొదలయ్యేది. మంచి కథలు చివర ఏమీ తేల్చవు. ఆ అమ్మాయి తలుపు తీసిందో లేదో చెప్పరు. ఆ తండ్రి క్షమించాడో లేదో చెప్పరు. చెప్పకుండా పోయినదాన్ని ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తేల్చాలి. గుండీలు కుట్టే ఆమె, అందరూ గుండీలమ్మ అనేవారు, తలుపు తీసిందనేది. తియ్యలేదని కాజాలక్క. "నువ్వు చూశావా?" అంటే "నువ్వు చూశావా?" అని. సాయంత్రం గంట కొట్టినా తెగేది కాదు. ఒకసారి కాజాలక్కకు కడుపు మండి, "ఈ రాసినాయన్ని ఒక్కసారి ఇక్కడికి పిలిపించండి. చేతికి సూదిచ్చి నాలుగు చొక్కాలకు గుండీలు కుట్టిద్దాం. అప్పుడు తెలుస్తుంది, సగంలో వదిలేస్తే ఎలా ఉంటుందో" అంది. మరునాడు మళ్ళీ ఆయన పుస్తకమే తెచ్చింది.

అలాంటి మనిషికి దేవుడు కళ్ళ దగ్గర పరీక్ష పెట్టాడు.

షుగరు ముదిరి కళ్ళలోకి దిగింది. మొదట సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ ఒకరోజు ఆమె వచ్చేసరికి, దారాలు ఎక్కించిన సూదులు ఆమె సూదుల దిండుకు వరసగా గుచ్చి ఉన్నాయి. ఆ రోజు నుంచి రోజూ ఉండేవి. పెట్టింది గుండీలమ్మ అని గదిలో అందరికీ తెలుసు, గుండీలమ్మ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తుండేది. తర్వాత అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ తర్వాత పుస్తకమంతా ఒక తెల్లటి మరకైంది. చివరికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు.

మేస్త్రి ఆమెను పంపెయ్యలేదు. "మడతకు కళ్ళెందుకక్కా? నీ వేళ్ళకు చొక్కా తెలీదా?" అని బల్ల చివర మడత పని ఇచ్చాడు. ఈలోగా కొడుక్కి పెళ్ళయింది. కొడుకు సైకిళ్ళు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. కోడలు పదో తరగతి చదివింది, గొంతు మంచిది. ఆమెను అదే గదిలో అంచుల పనికి పెట్టించింది కాజాలక్క. పుస్తకం కూడా ఆమె చేతికే వచ్చింది.

పెద్దాసుపత్రిలో కంట్లో సూదులు వేశారు. తిప్పించుకుని చాలాసార్లు వేశారు. ఆఖరిసారి కోడలు తీసుకెళ్ళింది. డాక్టరు ఈమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి కోడలితో మాట్లాడాడు. వచ్చేటప్పుడు కోడలు, "చుక్కలు రాశారు అత్తయ్యా, రోజుకు మూడుసార్లు. నెమ్మదిగా మంచు విడిపోయినట్టు విడిపోతుందన్నారు" అని చెప్పింది. కాజాలక్క ఆ చుక్కలు వేసుకునే ముందు ప్రతిసారీ చేతులు జోడించి దేవుడికి దండం పెట్టుకునేది. పెద్ద కోరికేమీ కాదు. "స్వామీ, మనుషుల మొహాలు కనపడకపోయినా సరే, అచ్చు అక్షరం కనపడేలా చెయ్యి" అని అడిగేది.

మనిషన్నాక ఇంత చిన్న కోరిక కోరుకుంటే దేవుడికే సిగ్గెయ్యాలి.

ఆ రోజుల్లోనే కథలు మారాయి.

మొదట కాజాలక్క గమనించలేదు. ఇల్లు వదిలిపోయిన కొడుకులు తిరిగి వస్తున్నారు. తాగుబోతులు మానేస్తున్నారు. విడిపోయిన అక్కచెల్లెళ్ళు కౌగిలించుకుంటున్నారు. "ఈ మధ్య రాసేవాళ్ళకు కాస్త బుద్ధి వచ్చినట్టుందే" అంది ఒకరోజు. బల్ల అవతల ఎవరికో దగ్గొచ్చింది.

బుద్ధి వచ్చినందుకు సంతోషించాలి గదా. కాని ఆమెకు లోపల ఏదో వెలితి. కథ అయిపోతోంది, "బాగుంది కదక్కా" అంటున్నారు, మళ్ళీ సూదులు అందుకుంటున్నారు. పోట్లాట లేదు. గుండీలమ్మ కూడా ఎదురు చెప్పడం లేదు. ఇంటికి వెళ్ళే దారిలో తిట్టుకోవడానికి ఒక్క మనిషి దొరకడం లేదు. ఉప్పులేని కూడులా ఉంది. షుగరుతో పాటు తన బుర్ర కూడా మొద్దుబారిందేమోనని భయపడింది.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు ఒక బస్టాండు కథ చదవడం మొదలుపెట్టింది. ఒక చెల్లెలు. తల్లిని ఎవరు చూడాలన్న దగ్గర అన్నతో మాటా మాటా వచ్చి ఎన్నాళ్ళుగానో మాటల్లేవు. తల్లి పోయింది. అన్న ఆమె ఉండే ఊరి మీదుగా బస్సులో వెళ్తాడని ఎవరో చెబితే, చెల్లెలు అతని పాత స్వెట్టరు పట్టుకుని తెల్లవారకముందే బస్టాండులో నిలబడింది. చుట్టూ ఒక్క కొట్టు కూడా తెరవలేదు. చలి. రాసినాయన మాటల్లో పొదుపరి. ఒక్కో వాక్యం సూదిపోటులా పడుతోంది. కాజాలక్క చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది. ఎన్నాళ్ళకో ఒక మంచి కథ తగిలిందని ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుంది.

"బస్సు ఆగింది. అన్న కిటికీలోంచి చూశాడు" అని చదివింది కోడలు. ఒక్క క్షణం ఆగింది. గొంతు సవరించుకుంది. "అన్న గబగబా దిగాడు. చెల్లెల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పోనీలే పాపం, జరిగిందేదో జరిగిపోయింది అన్నాడు. ఇద్దరూ పక్కన కొట్లో కూర్చుని వేడివేడిగా టీ తాగారు."

"బాగుంది కదక్కా" అన్నది గుండీలమ్మ.

"ఏ కొట్టు?" అన్నది కాజాలక్క.

"అదే అత్తయ్యా, బస్టాండు పక్కన."

"ఇందాక చుట్టూ ఒక్క కొట్టూ తెరవలేదని చదివావు."

"తెరిచి ఉంటాడు లే అక్కా, మనుషులొచ్చారని" అన్నది గుండీలమ్మ.

"వీళ్ళిద్దరి కోసం లేచి తెరిచాడా? నువ్వెళ్ళి లేపావా వాణ్ణి?"

ఎవరో కిసుక్కుమని నవ్వి నోరు మూసుకున్నారు. కాజాలక్క నవ్వలేదు. చేతిలో చొక్కా బల్ల మీద పెట్టింది.

"నిన్న చదివిన కథలో ఆసుపత్రి వరండాలో టీ తాగారు. అంతకు ముందు జైలు గేటు దగ్గర తాగారు. శవాన్ని సాగనంపి వచ్చినవాళ్ళు కూడా తాగారు. పుస్తకానికొకరు చొప్పున ఇంతమంది రాస్తున్నారు గదా, వీళ్ళందరికీ కలిపి ఒక్క టీ కొట్టే దొరికిందా? అందరూ మా కోడలి మాటలే మాట్లాడుతున్నారేమిటి? పోనీలే పాపం అని మా ఇంట్లో పాలు విరిగినా అంటుంది ఈ పిల్ల."

కోడలు పుస్తకంలోకి తల వంచుకుంది.

"పుస్తకం గుండీలమ్మకివ్వు."

"నాకు సరిగ్గా రాదక్కా. కూడబలుక్కోవాలి" అన్నది గుండీలమ్మ.

"కూడబలుక్కునే చదువు. సరిగ్గా వచ్చినవాళ్ళు చదివింది చాలు."

పుస్తకం చేతులు మారిన చప్పుడు వినపడింది. గుండీలమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది. "అన్న... కిటి...కీలోంచి చూ...శాడు. చెల్లె...లు స్వెట్టరు పై...కెత్తింది. అన్న... దిగ...లేదు." అక్కడ ఆగింది. గుండీలమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. "బస్సు కది...లింది. ఆమె స్వెట్ట...రును మడిచి, చంక...లో పెట్టుకుని, వచ్చిన దారి...నే... అంతే అక్కా. ఇక్కడితో అయిపోయింది."

చిన్నపిల్లలు కొత్తగా చదివినట్టు అంత ముక్కలు ముక్కలుగా చదివినా, ఆ రెండు మాటలు, 'అన్న దిగలేదు', గది మధ్యలో బండరాయిలా పడ్డాయి. ఒకామె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది ఇది?" అంది కాజాలక్క.

తలలన్నీ పని మీదికి వంగాయి.

"అందరికీ తెలుసా?"

"నాకు సగమే తెలుసు తల్లీ" అన్నాడు ఇస్త్రీ తాత మూల నుంచి. "మిగతా సగం చెవులు వినపడక తెలీలేదు."

ఆ మాటకు ఇంకోరోజైతే గది గది నవ్వేది.

"చూపు పోయిందని జాలిపడ్డారు, బాగానే ఉంది. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకున్నారు, మీ రుణం ఉంచుకోను. కాని చెవులు కూడా పోయాయనుకున్నారా? నేనేమన్నా పాలు తాగే పిల్లనా, కషాయంలో బెల్లం కలిపి పోస్తారూ? ఆ రాసినాయన ఎక్కడో కూర్చుని, ఎంత ఏడ్చి రాశాడో ఏమో, ఆ చెల్లెలు అలా తిరిగి వెళ్ళిందని నాకు చెప్పాలనుకున్నాడు. మధ్యలో మీరెవరు నాకు చెప్పొద్దనడానికి?"

"నీ కోసమే అక్కా" అన్నది గుండీలమ్మ ఏడుపు గొంతుతో.

"నా కోసం సూదుల్లో దారాలెక్కించావు, అది నా కోసం. ఇది నా కోసం కాదు. నా మొహం చూడలేక మీ కోసం మీరు చేసుకున్నారు."

ఇంత సేపూ తలవంచుకుని ఉన్న కోడలికి అప్పుడు పౌరుషం వచ్చింది. "అవునత్తయ్యా, చూడలేకే. ఆ రోజు డాక్టరు దగ్గర నుంచి వచ్చి పుస్తకం తీస్తే, అందులో ఒక ముసలామె ఆశగా ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోయింది. మీరేమో ఆ పక్కనే చుక్కలు వేసుకుంటూ దండం పెట్టుకుంటున్నారు. నా నోటితో ఎలా చదవను?"

అని, అన్న మాటను వెనక్కి తీసుకోవాలని చూసింది. నోటి నుంచి జారిన మాట, చేతి నుంచి జారిన గాజు.

"డాక్టరు ఏమన్నాడు?" అంది కాజాలక్క నెమ్మదిగా.

"ఇంటికెళ్ళాక మీ అబ్బాయిని అడగండి."

"డాక్టరుతో మాట్లాడింది వాడు కాదు, నువ్వు. ఏమన్నాడు?"

కోడలు ఆమె దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుంది. "ఇక రాదన్నారు అత్తయ్యా. ఉన్న వెలుతురు ఉంటే చాలన్నారు."

"చుక్కలో?"

"మామూలువే. కళ్ళు పొడారి దురద పెట్టకుండా."

కాజాలక్క సగం మడిచిన చొక్కాను చేతులతో వెతికి, మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టింది. పెట్టాక అంది.

"రోజుకు మూడుసార్లు దేవుడి ముందు నిలబడ్డాను. దురద మందు చేత్తో పట్టుకుని చూపు ఇమ్మని అడిగాను. నన్ను మీ ముందు వెర్రిదాన్ని చేశారు, సరే. ఆయన ముందు కూడా వెర్రిదాన్ని చేశారు."

సాయంత్రం ఇంటి దగ్గర కొడుకు చేతుల గ్రీజు తుడుచుకుంటూ గుమ్మంలోనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "చెబుదామనే అనుకున్నానమ్మా. మంచి రోజు చూసి..."

"దీనికి మంచి రోజు ఏది రా? పంచాంగంలో రాస్తారా, ఫలానా నాడు తల్లికి గుడ్డిదానివని చెప్పుట శుభం అని?"

"నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"మీ నాన్న పోయిన రోజు నేను నీకు బువ్వ పెట్టాకే ఏడ్చాను. నువ్వు చూసి ఉంటావు, అప్పుడు మీ అందరికీ కళ్ళున్నాయి. నేను ఏది తట్టుకుంటానో ఏది తట్టుకోనో మీరిద్దరూ కలిసి ఎప్పుడు తేల్చారు?"

కొడుకు తల వంచుకుని వంటింట్లోకి పోయాడు.

ఆ తర్వాత ఆమె కోడలితో మాటలు తగ్గించింది. మానేసిందని కాదు, మంచం ఎక్కడుంది, నీళ్ళెక్కడున్నాయి, అంత వరకే. చుక్కలు మాత్రం మానలేదు. "దురద నిజమే గదా" అనేది. దండం పెట్టుకోవడం కూడా మానలేదు గాని, ఇప్పుడు ఏమి అడుగుతోందో ఎవరికీ చెప్పలేదు. బహుశా అడగడం మాని, ఆయనతో కూడా పోట్లాడుతోందేమో. దేవుడితో పోట్లాడేది ఆయన్ని నమ్మినవాళ్ళే కదా.

పై గదిలో పుస్తకం మూలన పడింది. డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం తిన్నాక అందరూ తమ తమ కుప్పలు తాము కుట్టుకుంటున్నారు. మేస్త్రి రెండుసార్లు మెట్ల దాకా వచ్చి, ఏమీ వినపడక దిగిపోయాడు. మూడోసారి ఉండబట్టలేక లోపలికి తొంగిచూసి, "ఏమిటమ్మా, ఎవరన్నా పోయారా?" అన్నాడు.

"పుస్తకం తియ్యి" అంది కాజాలక్క, ఎవరి వైపూ తిరగకుండా.

ఎవరినన్నదో అందరికీ తెలుసు. కోడలు కదల్లేదు.

"నేను చదవను అత్తయ్యా."

"ఎందుకని?"

"చివర బాగుంటే నేనే మార్చానని అనుమానిస్తారు. బాగాలేకపోతే కసికొద్దీ చదివానంటారు. నాకెందుకు ఈ గొడవ?" కోడలు చేతిలో చొక్కా పక్కకు తోసింది. "మీరు అందరినీ తిట్టారు, మీ కోపం మీకుంది. ఆ రోజు లోపల డాక్టరు ఆ మాట నాతో చెప్పి పంపేశాడు. మీరు బల్ల మీద కూర్చుని ఏమన్నాడే అని నవ్వుతూ చెయ్యి చాపారు. మీ అబ్బాయి లేడు. ఎవరూ లేరు. ఆ చెయ్యి పట్టుకుని నేనేం చెప్పాలో నాకెవరు చెప్పారు? ఇంతకాలం అది కడుపులో పెట్టుకుని మీ ఎదురుగా కూర్చుని రోజుకో కథకు చివర అల్లాను. నాకేమన్నా సరదానా? టీ తప్ప ఇంకేమీ తట్టేది కాదు నాకు."

ఎవరూ సూది కదపలేదు. అత్త మీద అంత గొంతు ఆ పిల్ల ఎన్నడూ ఎత్తలేదు.

కాజాలక్క మొహం ఇంకా ముడుచుకునే ఉంది. "తప్పు చేశావు" అంది చివరికి. "నేను కూడా ఆ చెయ్యి చాపి, ఏమన్నాడే అని అడిగానే గాని, నీ గొంతు ఎలా ఉందో వినలేదు. కథలు వినడానికి పనికొచ్చిన చెవులు ఆ రోజు ఎక్కడికి పోయాయో. ఇప్పుడు చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు. నీ సొంత తెలివి ఒక్క చుక్క కూడా కలపకు."

కోడలు పుస్తకం తెచ్చింది. గుండీలమ్మ, పక్కనామె, ఇస్త్రీ తాత, మాట్లాడకుండా చేతులు చాపి ఆమె కుప్పలోంచి తలా ఒకటి తీసుకున్నారు.

ఒక పెద్దింట్లో పనిచేసే మనిషి కథ అది. ఆ ఇంటి పిల్లవాణ్ణి ఆమె తన రొమ్ము మీద వేసుకుని పెంచింది. జ్వరమొస్తే వాడు తల్లి దగ్గరికి కాక ఈమె దగ్గరికి వచ్చేవాడు. పెద్దవాడై ఎక్కడికో వెళ్ళి, ఎన్నో ఏళ్ళకు భార్యతో వచ్చాడు. ఆమె ఉదయం నుంచి తలుపు పక్కన నిలబడి ఉంది. అక్కడికి వచ్చేసరికి కోడలి గొంతు ఆగింది. గదిలో సూదులు ఆగాయి. అందరి కళ్ళూ కాజాలక్క వైపు తిరిగాయి.

"చదువు" అంది కాజాలక్క.

కోడలు చదివింది. "అతను లోపలికి వస్తూ ఆమెను చూశాడు. మంచినీళ్ళు ఉంటే ఇవ్వండి అన్నాడు. ఆమె ఇచ్చింది. అతను తాగి గ్లాసు ఆమె చేతికిచ్చి, భార్యకు ఇల్లు చూపించడానికి లోపలికి వెళ్ళాడు. ఆమె గ్లాసు కడిగి బోర్లించింది."

కోడలు పుస్తకం మూయకుండా అలాగే పట్టుకుంది.

"ఇవ్వండి అన్నాడా?" అంది కాజాలక్క. "మీరు అన్నాడా, ఎత్తి పెంచినదాన్ని?"

"అలాగే ఉంది."

"తర్వాత?"

"తర్వాత ఏమీ లేదత్తయ్యా."

"వాణ్ణి ఒక్క మాట కూడా అనలేదా రాసినాయన?"

"అనలేదు."

"కింద ఇంకేమీ లేదా? ఖాళీయేనా?"

"ఖాళీయే. కావాలంటే గుండీలమ్మ పిన్నిచేత చదివించుకోండి" అంది కోడలు రోషంగా, పుస్తకం బల్ల మీదుగా తోస్తూ.

"అక్కర్లేదు, నువ్వే పెట్టుకో" అంది కాజాలక్క పుస్తకాన్ని మళ్ళీ కోడలి వైపే తోసి. ఆమె మెడ నరాలు అప్పటికే బిగుసుకుంటున్నాయి. "అనలేదా ఆయన? అంత మర్యాదస్తుడా? అయితే నేనంటాను, వినండి."

"గుర్తుపట్టి ఉండడు లే అక్కా, పాపం, ఎన్నేళ్ళయిందో" అన్నది గుండీలమ్మ.

"గుర్తుపట్టలేదా? జ్వరమొస్తే పట్టుకున్న కొంగు గుర్తుండదా? నువ్వు వాడి తరఫున వచ్చావా?"

"గుర్తుపట్టాడు, పెళ్ళాం ముందు నామోషీ పడ్డాడు" అన్నాడు ఇస్త్రీ తాత.

"అలాగైతే వాడే ఇంకా పాపం" అంది కోడలు.

"నువ్వు నోరు ముయ్యి, నీతో నాకింకా తేలలేదు" అంది కాజాలక్క. వెంటనే ఆమె వైపే తిరిగి, "పాపమేమిటి? ఎలా పాపం? చెప్పు" అంది.

కోడలు చెప్పడం మొదలుపెట్టింది.